పెన్‌డ్రైవ్ తీసే పద్ధతి పిల్లలకు నేర్పండి

జంషెడ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు ఉక్కు కంపెనీతోపాటే పెరిగాయి. 1907లో టాటా వారి కంపెనీ ఏర్పడి, సాక్చిలో కర్మాగారం లేచాక, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పనికోసం వచ్చినవాళ్లు ఎందరో ఇక్కడే ఉండిపోయారు. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఇప్పుడు బడికెళ్తున్న పిల్లల్లో ఆ తొలితరం వాళ్ల ముని మనుమలున్నారు. వాళ్లకు బడిలో హిందీ, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లోనూ, బిష్టుపూర్ రామమందిరంలోనూ వినబడుతుంది. శ్రీరామనవమి కల్యాణం ఫొటోలు, ఊళ్లో తాతయ్య షష్టిపూర్తి వీడియో, అమ్మమ్మ గొంతుతో రికార్డు చేసిన కథలు, ఇవన్నీ ఇవాళ వేలెడంత పెన్‌డ్రైవ్‌లో ఉంటున్నాయి. పాప సైన్సు ప్రాజెక్టు కూడా అందులోనే. అందుకే దాన్ని కంప్యూటర్ నుంచి ఎలా తీయాలో పిల్లలకు ఓపిగ్గా చెప్పాలని నా విన్నపం.

ఎందుకో ముందు చెప్పండి, అప్పుడే వాళ్లు పాటిస్తారు. ఫైలు కాపీ అవుతున్నట్టు తెరమీద కనబడే గీత నిండిపోయినా పని పూర్తయిందని అనుకోలేం. కంప్యూటర్ వేగం కోసం కొంత డేటాను తన మెమరీలోనే ఉంచుకుని, తర్వాత తీరిగ్గా పెన్‌డ్రైవ్‌లోకి రాస్తుంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను కూడా మార్చాలి. కిరాణా కొట్టులో సరుకు అరలో సర్ది, చిట్టాలో ఎక్కించకముందే దీపం ఆర్పేస్తే ఏమవుతుంది? సరుకు ఉంటుంది, లెక్క ఉండదు. పట్టిక రాస్తుండగా లాగేస్తే ఇప్పుడు కాపీ చేసిన ఫైలే కాదు, పాతవి కూడా కనబడకుండా పోవచ్చు. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి. సగంలో ఆగిన పనిని సరిదిద్దుకునే చిట్టా వాటిలో ఉండదు.

విండోస్‌లో ఇప్పుడు ఆ భయం లేదని పెద్దపిల్లలు వాదిస్తారు. వాళ్ల మాటలో నిజముంది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10, 1809 వెర్షన్ నుంచి, త్వరగా తీసేయడానికి వీలైన పద్ధతినే మైక్రోసాఫ్ట్ ముందుగా పెట్టి ఇస్తోంది. అయితే ఫైలు రాస్తుండగా లాగితే ఆ పద్ధతీ కాపాడదు. పైగా బడిలోనో, జిరాక్స్ షాపులోనో కంప్యూటర్ ఏ వెర్షనో, ఎలా అమర్చారో మనకు తెలీదు. లినక్స్‌లోనైతే కాపీ పెట్టె మాయమయ్యాక కూడా రాయడం సాగుతూ ఉండొచ్చు. అందుకే ఎక్కడైనా ఒకే అలవాటు మంచిది. తెరిచిన ఫైళ్లు మూసెయ్యాలి. విండోస్‌లో కింద గడియారం పక్కన ఉన్న యూఎస్‌బీ గుర్తు నొక్కి ఎజెక్ట్ ఇవ్వాలి. తీసేయొచ్చని మాట వచ్చాక, పెన్‌డ్రైవ్ దీపం మిణుకు ఆగాక తీయాలి. మ్యాక్‌లో డ్రైవ్ పేరు పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కితే చాలు.

ఒక్కోసారి ఇంకా వాడుకలో ఉందని కంప్యూటర్ ఒప్పుకోదు. అప్పుడే పిల్లలు విసుగ్గా లాగేస్తారు. వర్డ్ ఫైలో, వీడియో ప్లేయరో, పెన్‌డ్రైవ్ ఫోల్డరో ఎక్కడో తెరిచి ఉంటుంది, లేదా యాంటీవైరస్ తనిఖీ చేస్తుంటుంది. అన్నీ మూసి మళ్లీ అడగాలి. అయినా వినకపోతే కంప్యూటర్ పూర్తిగా షట్‌డౌన్ చేసి తీయమనండి. లోపల పళ్లెం తిరిగే హార్డ్‌డిస్క్ అయితే మరీ జాగ్రత్త. పని జరుగుతుండగా కదపకూడదు. తిరగడం ఆగేదాకా ఆగి సంచిలో పెట్టాలి.

పెద్దల అలవాటు గురించి కూడా చెప్పాలి. షిఫ్టుకు బయల్దేరే తొందరలో నాన్న పెన్‌డ్రైవ్ చటుక్కున లాగి జేబులో వేసుకుంటే, పాప రేపు అదే చేస్తుంది. ప్రాజెక్టు పోయిన పిల్లను తిట్టకండి. తిడితే తర్వాతిసారి దాచిపెడుతుంది, దాచిన రోజుల్లో పోగొట్టుకునేది ఎక్కువ. పక్కన కూర్చుని, ఏం చేశావని మెల్లగా అడగండి.

ఫైళ్లు పోయిన సంగతి త్వరగా తెలియడం చాలా అవసరం. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫార్మాట్ చెయ్యమంటే కంగారుపడి సరే అనొద్దని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. అందులో ఇంకేమీ రాయకుండా తీసి పక్కన పెట్టాలి. ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములు చాలాసార్లు ఫొటోలను వెనక్కి తెస్తాయి. తెచ్చిన ఫైళ్లను మాత్రం అదే పెన్‌డ్రైవ్‌లో కాక వేరేచోట దాచాలి. అమ్మమ్మ కథల్లాంటి వాటికి రెండో ప్రతి ఎప్పుడూ ఉండాలి. ఒకటి ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఉంచండి. ఇంకొకటి సెలవులకు టాటానగర్‌లో రైలెక్కేటప్పుడు తీసుకెళ్లి ఊళ్లో పిన్ని దగ్గర ఇవ్వండి. ఫోన్‌లోంచి అసలు ఫైలు చెరిపేముందు, కాపీ చేసిన ఫైలును తెరిచి చివరిదాకా వినమని పాపకే అప్పజెప్పండి.