వంచిన విల్లు

ప్రవేశిక

శత్రువు బలానికి ఇంటివారి సాయం తోడైతే ఎంతటి కోట అయినా కూలుతుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవుల లోకంలోనూ ఈ సత్యం వర్తిస్తుందని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

'ఇంటి గుట్టు లంకకు చేటు' అన్నది మన సామెత. మనిషి పేగులలో నివసించే ఇ.కోలై బాక్టీరియా విషయంలో ఇది అక్షరాలా నిజం. దానికి లాంబ్డా అనే వైరస్ శత్రువు. 1951లో ఎస్తేర్ లెడర్‌బర్గ్ ఈ వైరస్ ఉనికిని వెల్లడించారు. బాక్టీరియాలో ప్రవేశించిన లాంబ్డాకు రెండు మార్గాలున్నాయి. వెంటనే సంతతిని పెంచుకొని, ఆశ్రయమిచ్చిన కణాన్నే బద్దలుకొట్టడం మొదటిది. తన డి.ఎన్.ఎ.ను బాక్టీరియా డి.ఎన్.ఎ.లో కలిపి, అదను కోసం నిద్రాణంగా ఉండడం రెండవది.

రెండవ మార్గంలో ఒక అవరోధం ఉంది. ఈ కలయికను జరిపేది ఇంటిగ్రేజ్ అనే వైరస్ ప్రోటీన్. అది వైరస్ డి.ఎన్.ఎ.పై ఎడంగా ఉన్న స్థానాలను ఏకకాలంలో పట్టుకోవాలి. అందుకు నడుమ భాగం వంగక తప్పదు. కాని పొట్టి డి.ఎన్.ఎ. ముక్క బిరుసైన వెదురుబద్ద వంటిది. తనంతట తాను సులభంగా వంగదు.

ఆ విల్లును వంచేది బాక్టీరియా సొంత ప్రోటీన్ ఐ.హెచ్.ఎఫ్. అది రెండు చేతులు చాచి డి.ఎన్.ఎ.ను సన్నని గాడి వైపు నుండి చుట్టి పట్టుకుంటుంది. ప్రతి చేతి కొనలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అది క్షార జతల నడుమ సీలవలె దూరుతుంది. 9 జతల ఎడంతో రెండు చోట్ల ఇలా మడత పడిన డి.ఎన్.ఎ.ను ప్రోటీన్‌లోని ధనావేశం తనవైపు లాగుకుంటుంది. ఫలితంగా అది 160 డిగ్రీలకు మించి వంగి, దాదాపు వెనుకకు తిరుగుతుంది. ఫీబీ రైస్, హోవర్డ్ నాష్, వారి సహచరులు 1996లో ఈ రూపాన్ని స్ఫటిక నిర్మాణం ద్వారా లోకానికి చూపారు.

మరి, పగవాడికి ఉపకరించే ఈ ప్రోటీన్‌ను బాక్టీరియా ఎందుకు విడిచిపెట్టదు? తన డి.ఎన్.ఎ.ను పొందికగా మడచుకోవడానికీ, జన్యువుల పనిని నియంత్రించుకోవడానికీ అది అవసరం. అంతేకాదు, దాడి చేసిన వైరస్ డి.ఎన్.ఎ. ముక్కను తన క్రిస్పర్ భాగంలో గుర్తుగా దాచుకొనేటప్పుడు, సరైన చోటును వంచి చూపేది కూడా ఐ.హెచ్.ఎఫ్. అని 2016లో వెల్లడైంది. శత్రువుకు తలుపు తీసిన చేయే శత్రువు ఆనవాలును భద్రపరుస్తున్నది. సాధనంలో దోషం లేదు. దానిని వినియోగించుకొనే వారిని బట్టే మేలు, కీడు.

కఠిన పదాలు – అర్థాలు

అదను = తగిన సమయం
అవరోధం = అడ్డంకి
నిద్రాణం = నిద్రించినట్లున్న స్థితి
ఆనవాలు = గుర్తు

ప్రశ్నలు

1. ఐ.హెచ్.ఎఫ్. డి.ఎన్.ఎ.ను వంచే తీరును వివరించండి.
2. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అన్న సామెత ఈ పాఠానికి ఎంతవరకు వర్తిస్తుంది?