కంటికి ఆనని ధూళి – మన ఊపిరి



పాలలో వెన్న శాతము కొద్దిగా తగ్గిన యెడల సభ్యులు నన్ను ఆపి అడుగుదురు. మూడు నెలలుగా దగ్గు తగ్గకున్నను ఎవరూ అడుగరు.

ఈ మధ్య తనిఖీకి వెళ్ళిన ఒక సంఘములో, పాలు పోయుటకు వచ్చిన ఒక అక్క క్యాను దించి గోడ పట్టుకొని నిలబడినది. "దమ్ము సారూ, కొట్టంల పొగ పెడ్తె ఇంకా ఎక్కువైతది" అన్నది. దోమల కొరకు ప్రతి సాయంత్రము పచ్చి వేపాకు, పిడకలు రాజేసి, తలుపు దగ్గరికి వేసి, ఆ పొగలోనే పాలు పితుకుచున్నదట. ఇది ఒక్క ఇంటి సంగతి కాదు.

పొగలో మనకు కనిపించునది కొంతయే. మిల్లీమీటరులో పదిలక్షల వంతును నానోమీటరు అందురు. తల వెంట్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. పొగలోని రేణువులలో అనేకము 100 నానోమీటర్లకు లోపలివే. పెద్ద దుమ్మును ముక్కు, గొంతు పట్టి ఆపును. ఈ సూక్ష్మ రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల వరకు పోయి, అందు కొన్ని రక్తములోనికి కూడ చేరును. అందుచేతనే పొగ వలన దగ్గు, దమ్ముతో పాటు గుండె జబ్బు, పక్షవాతము కూడ వచ్చుచున్నవి. ఇండ్లలోని పొగ వలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో పొయ్యి దగ్గర కూర్చుండు స్త్రీలు, వారి చంకలోని పిల్లలు ఎందరో.

రామగుండములో ఏండ్లుగా విద్యుత్తు తయారగుచున్నది. బొగ్గు బూడిదను యంత్రములు చాల వరకు పట్టి ఆపినను, అతి సన్నని భాగము కొంత తప్పించుకొనును. అది మన చేతిలో లేని పని. కొట్టము మన చేతిలోనిదే.

పితుకుటకు గంట ముందు పొగ పెట్టి, మనిషి బయటనే ఉండి, తరువాత తలుపులు బార్లా తీయవలెను. పొగకు బదులు దోమతెర కట్టిన మరీ మేలు. మూతికి కొంగు చుట్టుకొన్నంత మాత్రమున ఈ రేణువులు ఆగవు.

ఇక 2021లో వచ్చిన నానో యూరియా. అందలి రేణువులు 20 నుండి 50 నానోమీటర్లని తయారీదారులు చెప్పుచున్నారు. సీసా చిన్నది, విషము కాదు గదా యని కొందరు మూతికి ఏమియు లేకుండ, ఎదురుగాలికి పిచికారీ చేయుచున్నారు. తుంపర ఊపిరిలోనికి పోవును. మాస్కు, చేతి తొడుగులు ధరించి, గాలి వాలును చూచి కొట్టవలెను.

ఆ అక్కను సర్కారు దవాఖానలో చూపించుకొమ్మంటిని. పోయినదో లేదో వచ్చే నెల తనిఖీలో అడుగవలసి యున్నది.