మాటల మూటతో బడికి



ఐదేళ్ల పాప ఇంట్లో వసపిట్టలా మాట్లాడుతుంది. కోడిపిల్లను పలకరిస్తుంది. బొమ్మకు బువ్వ పెడుతూ కబుర్లు చెబుతుంది. అదే పాప బడికి వెళ్లిన కొత్తలో నోరు విప్పదు. "ఈ పిల్లకు ఏమీ రాదు" అంటారు కొందరు. అది నిజమేనా?

పాపకు ఏమేమి వచ్చో చూద్దాం

"అన్న వచ్చాడు" అంటుంది. "అక్క వచ్చింది" అంటుంది. "అక్క వచ్చాడు" అనదు. ఎవరూ పాఠం చెప్పలేదు. విని నేర్చుకుంది. నిన్న జరిగింది చెబుతుంది. రేపు కావలసింది అడుగుతుంది. అలుగుతుంది. బతిమాలుతుంది. కొబ్బరిచిప్పను కుండ అంటుంది. ఇసుకను అన్నం అంటుంది. ఇదంతా భాషే.

ఒక్కోసారి "ఇల్లులు" అంటుంది. మనం నవ్వుతాం. కానీ ఆలోచించండి. పిల్లి అయితే పిల్లులు. బల్ల అయితే బల్లలు. ఆ లెక్కనే ఇల్లు అయితే ఇల్లులు అనుకుంది. అంటే పాప బుర్ర బాగా పనిచేస్తోంది. వెక్కిరించకండి. "అవునమ్మా, ఆ ఇళ్లు పెద్దవి" అనండి చాలు. వినగా వినగా తానే దిద్దుకుంటుంది.

మరి బడిలో మాట్లాడదేం?

బడి కొత్త. మనుషులు కొత్త. అక్కడి మాట కూడా కొత్తే. తెలంగాణ పల్లెలో పాప "నాయిన వచ్చిండు" అంటుంది. రాయలసీమలో "నాయన వచ్చినాడు" అంటుంది. పుస్తకంలో "నాన్న వచ్చాడు" అని ఉంటుంది. మూడూ తెలుగే. ఇంటి మాట తప్పు మాట కాదు. దానికి తోడు పుస్తకం మాట కూడా నేర్చుకోవాలి. అంతే. ఇంటి మాటకు దెబ్బ పడితే పిల్ల మూగబోతుంది. బడి అంటే భయపడుతుంది. మెల్లగా బడి మానేస్తుంది.

గోండు, కోయ, సవర, లంబాడీ పిల్లలకు ఇంకా కష్టం. వాళ్ల ఇంటి భాష వేరు. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కొన్ని బడుల్లో 8 గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు. ఆ భాషల మాటలను తెలుగు అక్షరాలతో రాశారు. ముందు తమ భాష, తరువాత మెల్లగా తెలుగు. తెలిసిన మాట అయితేనే అక్షరం అర్థమవుతుంది. మీరు పలక పట్టినప్పుడు కూడా అంతే కదా! మాట ముందే వచ్చు. అక్షరం తరువాత వచ్చింది.

తల్లి ఏం చేయవచ్చు?

1. పని చేస్తూనే పిల్లతో మాట్లాడండి. బియ్యం ఏరుతూ, అంట్లు తోముతూ మాట్లాడవచ్చు.
2. కథ చెప్పండి. మధ్యలో ఆగి "తరువాత ఏమైంది?" అని అడగండి.
3. పొడుపు కథలు వేయండి.
4. "బడిలో ఏం చూశావు?" అని అడగండి. చెప్పేదాకా ఓపికగా వినండి.
5. మీకు వచ్చిన అక్షరాలతో పిల్ల చెప్పిన మాట రాసి చూపండి. తన మాట పలక మీద చూసి మురిసిపోతుంది.

చట్టం ఏమంటుంది?

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. బడిలో పిల్లలను కొట్టకూడదు. మనసు నొప్పించి వేధించకూడదు. వీలైనంతవరకు తల్లి భాషలోనే చదువు చెప్పాలి. సర్కారు బడి కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఇవన్నీ ఆ చట్టంలో ఉన్నాయి. కాబట్టి మీరూ బడికి వెళ్లండి. "మా పాప ఇంట్లో బాగా మాట్లాడుతుంది పంతులమ్మా, కొంచెం మాట కలపండి" అని చెప్పండి. అడగడానికి సిగ్గెందుకు?

ఆలోచించండి - చెప్పండి

1. మీ ఇంట్లో వాడే ఏ మాటలు పుస్తకంలో వేరుగా ఉన్నాయి?
2. పిల్ల తప్పు పలికితే మీరు ఏం చేస్తారు?

రాయండి

మీ పిల్ల ఈ రోజు చెప్పిన ఒక మాటను మీ నోటుపుస్తకంలో రాయండి.