మాయం చేసేది కెమెరా దగ్గరే

భవానీపురం,
విజయవాడ.

బుజ్జీ,

నువ్వు పంపిన వీడియో చూశానమ్మా. పున్నమి ఘాట్ మెట్ల మీద తమ్ముడు 'స్టార్ ట్రెక్'లోలాగా మెరుపుల్లో కరిగి మాయమవ్వాలి. ఆలోచన నాకు బాగా నచ్చింది. కానీ మెరుపులు రెడీమేడ్ టెంప్లేట్‌లోవి వాడినట్టున్నావు, వాడి మీద అతికించినట్టే కనిపిస్తున్నాయి. మళ్ళీ చెయ్యి. ఈసారి సగానికి పైగా పని కంప్యూటర్ తెరవకముందే అయిపోవాలి.

1966లో ఆ సీరియల్ మొదలైనప్పుడు, ప్రతివారం అంతరిక్ష ఓడ ఏదో గ్రహం మీద దిగినట్టు చూపించడానికి దాని సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ దగ్గర డబ్బు లేదు. అందుకే మనుషుల్నే మాయం చేసి కిందికి పంపారు. ఆ తళుకులు నిజమైన అల్యూమినియం పొడి! నల్లటి తెర ముందు, గట్టి వెలుతురులో పొడి రాలుతుంటే, కెమెరాను తలకిందులుగా పెట్టి స్లోమోషన్‌లో తీశారు. ఏ రెండు రేణువులూ ఒకేలా తిరగవు, ఒకేలా మెరవవు. నీ టెంప్లేట్‌లో లేనిది అదే.

నువ్వు మాత్రం అల్యూమినియం పొడి ముట్టుకోవద్దు. గాల్లోకి లేస్తే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. సన్న చమ్కీ చాలు, మూతికి మాస్కు పెట్టుకో. గది చీకటి చేసి నల్లగుడ్డ కట్టి, దాని ముందు చమ్కీ రాల్చు. టార్చి వెలుగు పక్కనుంచి చమ్కీ మీదే పడాలి, గుడ్డ మీద పడకూడదు. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములు పెట్టు. ఇంట్లో కరెంటు బల్బు వెలుగులో ఆ వేగంతో తీస్తే బొమ్మ మినుకుమంటుంది, అందుకే టార్చి అన్నాను. ఘాట్ దగ్గర చమ్కీ చల్లొద్దు, అది ప్లాస్టిక్. ఒక్క రేణువు కూడా కృష్ణలో కలవకూడదు.

ఘాట్‌లో ఫోన్ స్టాండ్ మీదే ఉండాలి. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చెయ్యి. తమ్ముడు ఉండగా ఒక షాట్, వాడు పక్కకు తప్పుకోగానే ఖాళీ మెట్లతో ఇంకో షాట్. మధ్యలో మబ్బు పట్టిందా, రెండూ మళ్ళీ తియ్యి. వాడి వెనక నీళ్ళు కాకుండా మెట్లు వచ్చేలా నిలబెట్టు. నీళ్ళు రెండు షాట్లలో ఒకేలా ఉండవు.

ఇక కంప్యూటర్‌లో బ్లెండర్ సాఫ్ట్‌వేర్ తెరిచాక, అడుగున ఖాళీ మెట్లు, దాని మీద తమ్ముడు, అన్నిటికన్నా పైన చమ్కీ. చమ్కీ లేయర్‌ను 'స్క్రీన్'లో పెడితే నలుపు పోయి మెరుపు మిగులుతుంది. వాడి ఒంటి ఆకారంలో మాస్క్ గీసి, అంచులు మెత్తబరిచి, మెరుపును అందులోనే ఉంచు. ముందు మెరుపు నిండాలి, ఆ తర్వాత మనిషి పలచబడాలి, మనిషి పోయాక కూడా మెరుపు కాసేపు నిలవాలి. నీ వీడియోలో రెండూ ఒకేసారి ఆరిపోతున్నాయి. పైగా వాడు మాయమయ్యాక కూడా వాడి నీడ మూడో మెట్టు మీద అలాగే ఉంది, చూసుకున్నావా? నీడకూ మాస్క్ వెయ్యి.

ముందు చమ్కీ షాట్ ఒక్కటే పంపు. నలుపు నలుపుగా వచ్చిందో లేదో చూసి చెబుతాను. సంక్రాంతి సెలవులకి వస్తావుగా, ఘాట్‌కి నేనూ వస్తాను. స్టాండ్ నా దగ్గరుంది, కొనకు.

మీ మావయ్య