నిటారైన మంచువాలుపై సాహసము

ప్రశ్న: అలిపిరి మెట్లు ఆయాసము లేకుండ ఎక్కుదును. గుల్మార్గ్‌లోని మిక్కిలి నిటారైన వాలుపై స్కీయింగ్ చేయవచ్చునా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆరోహణమున అలవడిన దమ్ము అవరోహణమునకు చాలదు. మంచు పలకలుగా పగిలి చరియలై విరుచుకుపడుట తరచు 30 మొదలు 45 డిగ్రీల ఏటవాలుననే సంభవించును గనుక, గుల్మార్గ్‌లోని అఫర్వత్ శిఖరపార్శ్వమున నిపుణుల నాకర్షించు వాలే ప్రాణాంతకమును కావచ్చును. 2014లో, 13 ఏండ్ల ప్రాయమున, ఎవరెస్టు నధిరోహించిన మాలావత్ పూర్ణ సైతము మున్ను భువనగిరి బండపైనను, పిదప డార్జిలింగులోను శిక్షణ పొందినదే గదా! మీరును తొలుత సులభమైన వాలుపై, స్కీలను అడ్డముగా త్రిప్పి, ఎగువ అంచులు మంచులో దిగునట్లు అదిమి, తలచినచోట నిలువ నేర్వుడు. ఆపై మంచులో కూరుకొన్నవారి జాడ తెలుపు బీకన్, పార, శోధనకడ్డీ వెంటగొని, స్థానిక గైడు తోడుగా పైకేగుడు. ఆయన వలదన్న దినమున దిగవలదు.