పొద్దున్నే పిడికిలి పడటం లేదా?

సాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చి నాట్లు ఊపందుకున్నాయంటే వేళ్ల నొప్పులతో వచ్చేవాళ్లు ఎక్కువవుతారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు వాటి మీదే, నాలుగూ వేర్వేరు జబ్బులు. రాసేటప్పుడు ఏ వేలు, ఏ కణుపు, రోజులో ఏ వేళ నొప్పి ఎక్కువ అన్నది తప్పకుండా రాయండి. చాలాసార్లు ఎక్స్‌రే కన్నా అదే నాకు ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. నాట్లకు, కలుపుకు కూలికి పోతాను. నాలుగు నెలలుగా పొద్దున లేచేసరికి రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోతున్నాయి. జడ వేసుకోలేను, చెంబు పట్టలేను. తొమ్మిది దాటితే గానీ వదలవు. ఊళ్లో సూది వేయించుకుంటే పది రోజులు హాయిగా ఉంటుంది, మళ్లీ మామూలే. బురదలో పని వల్లే అంటున్నారు, నిజమేనా?
– ఒక సోదరి, కోదాడ మండలం

జవాబు: అమ్మా, పని వల్ల వచ్చే నొప్పి సాయంత్రానికి పెరుగుతుంది, పడుకుని లేస్తే తగ్గుతుంది. మీది తలకిందులుగా ఉంది. విశ్రాంతి తర్వాతే ఎక్కువ, అదీ రెండు చేతులకూ ఒకేలా, గంటల తరబడి. ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మనవాళ్లు కీళ్లవాతం అనేది, కావచ్చు. బురద దీనికి కారణం కాదు. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఎక్కువగా మెటికలు, వేళ్ల నడిమి కణుపులు వాస్తాయి. గోరు పక్కనుండే కణుపును మాత్రం సాధారణంగా వదిలేస్తుంది. ఆ చివరి కణుపులే గట్టి బుడిపెల్లా లేస్తే అది వయసుతో వచ్చే అరుగుదల. దాని దారి వేరు.

ఇంట్లో ఒకటి చేసి చూడండి. మీ చేతిని మెటికల దగ్గర రెండు పక్కల నుంచీ మెల్లగా నొక్కమనండి. చెయ్యి లాగేసుకునేంత నొప్పి ఉంటే ఆలస్యం చేయకండి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు అవసరమవుతాయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ లేదని వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. నొప్పులకు ముందు పెద్ద జ్వరం వచ్చి ఉంటే అది కూడా చెప్పండి. చికున్‌గున్యా తర్వాత కూడా వేళ్లు నెలల తరబడి ఇలాగే పట్టేస్తాయి.

ఇక ఆ సూది సంగతి. పది రోజులు హాయినిచ్చి పోయేది చాలావరకు స్టెరాయిడే. అది నొప్పిని కప్పుతుంది గానీ కీలు లోపల అరిగిపోవడాన్ని ఆపదు. నెలల తరబడి పడితే ముఖం ఉబ్బుతుంది, షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. వంకర తిరిగిపోయిన వేళ్లతో ఆలస్యంగా వచ్చేవాళ్లను చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే మొదటి నెలల్లో వస్తే ఈ జబ్బును అదుపు చేయవచ్చు. మెథోట్రెక్సేట్ అనే మాత్ర ప్రధాన మందు. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది కాబట్టి మధ్యలో మానేయకండి. అది వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి. వేరే రోజు ఫోలిక్ యాసిడ్, కొన్ని వారాలకోసారి కాలేయం, రక్త పరీక్షలు తప్పవు. గర్భం అనుకుంటున్నవాళ్లు ముందే చెప్పాలి. సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చూపించుకుని మొదలుపెట్టండి. అవసరమైతే హైదరాబాద్ నిమ్స్‌లో కీళ్లవాతానికి ప్రత్యేక విభాగం ఉంది.

ప్రశ్న: రైసు మిల్లులో హమాలీని, 52 ఏళ్లు, షుగర్ ఉంది. ఉంగరపు వేలు మడిస్తే మళ్లీ తెరుచుకోదు. రెండో చేత్తో లాగితే టక్కుమని విడుతుంది. – మిర్యాలగూడ

జవాబు: దీన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. వేలిని ముడిచే తాడులాంటి స్నాయువు అరచేతిలో వేలి మొదట్లో ఒక ఇరుకైన వలయంలోంచి జారుతుంది. బస్తా కొక్కెం గట్టిగా పట్టి పట్టి ఆ చోటు వాచి, తాడు మీద ముడి కట్టినట్టవుతుంది. ముడి వలయంలో ఇరుక్కుంటే వేలు పట్టేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. కొన్ని వారాలు బలంగా పట్టే పని తగ్గించండి, రాత్రి వేలిని చాచి ఉంచే పట్టీ పెట్టుకోండి. తగ్గకపోతే ఆ చోటనే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తాం. పైన స్టెరాయిడ్ వద్దన్నాను కదా అనుకోకండి. ఒక చోట, కొలత ప్రకారం, డాక్టరు చేతిలో అది మంచి మందే. షుగర్ మాత్రం కొద్ది రోజులు పెరుగుతుంది, చూసుకోవాలి. దాంతోనూ లొంగకపోతే చేతికి మాత్రమే మత్తిచ్చి ఆ వలయాన్ని తెరిచే చిన్న ఆపరేషన్ ఉంది, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు.

ప్రశ్న: టైలరింగ్ చేస్తాను. అర్ధరాత్రి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. లేచి విదిలిస్తే తగ్గుతుంది. – సూర్యాపేట

జవాబు: ఆ విదిలించడమే మీ జబ్బు పేరు చెబుతోంది. మణికట్టు దగ్గర ఇరుకు సందులో నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ ఇది. బొటన, చూపుడు, నడిమి వేళ్లు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరిస్తాయి, చిటికెన వేలు బాగుంటుంది. మణికట్టు వంగకుండా రాత్రి పట్టీ వాడండి. థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. బొటనవేలి కింది కండ పలచబడుతున్నా, సూదిలో దారం ఎక్కించేటప్పుడు వేళ్లు జారుతున్నా ఆగకూడదు, నరం పరీక్ష చేయించాలి.

ప్రశ్న: పిల్లాడికి గోరుచుట్టు వచ్చింది. నిమ్మకాయ తొడిగాం. రెండు రోజులకు వేలు మొత్తం వాచింది. – మిర్యాలగూడ దగ్గరి పల్లె

జవాబు: మీ ఉత్తరం చదవగానే అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను, ఆ సాయంత్రమే చీము తీయించారని చెప్పారు. మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. గోరు పక్కన కొద్దిగా ఎర్రబడినప్పుడు గోరువెచ్చని ఉప్పునీళ్లలో రోజుకు మూడు నాలుగు సార్లు వేలు ముంచితే చాలు. నిమ్మకాయ తొడిగితే లోపలి చీము బయటికి రాదు, పైగా వాపు కంటికి కనపడకుండా పోతుంది. వేలు మొత్తం పండిన మిరపకాయలా ఎర్రగా ఉబ్బినా, సగం ముడుచుకుని ఉండిపోయినా, ఎవరైనా చాచబోతే పిల్లాడు కేక పెట్టినా చీము స్నాయువు గొట్టంలోకి దిగినట్టే. ఆ రాత్రికే ఆసుపత్రికి తీసుకెళ్లండి.