నిజాంసాగర్ చేప రుచిని పరీక్షించే విధానం: కొండ సరస్సుల ట్రౌట్ నేర్పే పాఠం

సారాంశం

చేప రుచిని జాతి పేరును బట్టి, లేదా అది పెరిగిన జలాశయం ప్రఖ్యాతిని బట్టి నిర్ణయించడం పరిపాటి. నిజానికి రుచిని ప్రధానంగా నిర్ణయించేవి నాలుగు అంశాలు: నీరు, ఆహారం, చేప జీవిత దశ, పట్టిన తరువాతి నిర్వహణ. కొండ సరస్సులలోని ట్రౌట్ చేప ఇందుకు చక్కని ఉదాహరణ. ఆ అనుభవాన్ని నిజాంసాగర్ జలాశయపు చేపలకు అన్వయించి, క్షేత్రస్థాయిలో రుచిని పరీక్షించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంతంలోని మహమ్మద్ నగర్ నిజాంసాగర్ జలాశయానికి చేరువలో ఉన్నది. గోదావరి ఉపనది అయిన మంజీరపై 1923లో మొదలైన ఈ ప్రాజెక్టు నిర్మాణం 1931లో పూర్తయినది. సాగునీటికై నిర్మించిన ఈ జలాశయం పరిసర గ్రామాల మత్స్యకారులకు జీవనాధారం కూడా. బొచ్చె, రవ్వ, మృగాల, బంగారుతీగ వంటి పెంపుడు జాతులతో పాటు వాలుగ, కొర్రమీను వంటి స్థానిక జాతులు కూడా ఇటువంటి జలాశయాలలో లభిస్తాయి.

పెద్ద జలాశయపు చేప కుంటలో పెంచిన చేప కన్న రుచిగా ఉంటుందని వినియోగదారులలో ఒక నమ్మకం ఉన్నది. ఈ నమ్మకం నిజమైతే మత్స్యకారునికి అదనపు ధర దక్కాలి. నిజమో కాదో తేల్చకుండానే ప్రచారం చేస్తే మరొక ప్రమాదం ఉన్నది. మట్టి వాసన వేసే చేప ఒక్కసారి ఇంటికి చేరినచో కొనుగోలుదారుడు ఆ జలాశయం పేరునే అనుమానిస్తాడు. కావున ధర గురించి మాట్లాడే ముందు రుచిని కొలవడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.

ట్రౌట్ నేర్పే పాఠం

ట్రౌట్ భారతదేశపు స్థానిక జాతి కాదు. బ్రౌన్ ట్రౌట్‌ను 1900 ప్రాంతంలో కాశ్మీరుకు తెచ్చి స్థిరపరచారు. రెయిన్‌బో ట్రౌట్ ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకంలో నీలగిరులలో నిలదొక్కుకున్నది. ఈ చేప 10 నుండి 15 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల, ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్న నీటిలో బాగా పెరుగుతుంది. అందుచేత మన జలాశయాలలో అది సహజంగా బ్రతకజాలదు. అయితే నీటిని శుద్ధిచేసి, చల్లబరచి తిరిగి వాడే పద్ధతిలో రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో దాని పెంపకం చేపట్టారు.

ఒకే కొండపై పక్కపక్కన ఉన్న రెండు సరస్సులలో పెరిగిన ఒకే జాతి ట్రౌట్ రుచిలో ఎంతో తేడా చూపవచ్చు. చిన్న రొయ్యజాతి జీవులు విస్తారంగా ఉన్న సరస్సులో చేప కండపట్టి, తగినంత కొవ్వు చేరి, మాంసం గులాబీ వర్ణంలో ఉంటుంది. ఆ వర్ణానికి కారణం ఆ జీవులనుండి లభించే ఆస్టాజాంథిన్ అనే వర్ణకం. చేపల సంఖ్య ఆహారానికి మించిన సరస్సులో తల పెద్దదిగా, ఒడలు సన్నగా ఉన్న చేపలు కనిపిస్తాయి. వాటి మాంసం పాలిపోయి, చప్పగా ఉంటుంది. గుడ్లు పెట్టిన వెంటనే పట్టిన చేప ఏ సరస్సుదైనా మాంసం నీరుగారి ఉంటుంది.

మరొక విషయం గమనార్హం. నీటిని తిరిగి వాడే వ్యవస్థలలో పెంచిన ట్రౌట్‌కు సైతం మట్టి వాసన పట్టవచ్చు. అందువలన అటువంటి చేపలను అమ్మకానికి ముందు మేత మాన్పించి, కొన్ని రోజులపాటు స్వచ్ఛమైన నీటిలో ఉంచుతారు. ఖరీదైన జాతి కూడా నీటి ప్రభావానికి అతీతం కాదని దీనివలన తెలుస్తున్నది.

రుచిని నిర్ణయించే అంశాలు: నిజాంసాగర్‌కు అన్వయం

1. నీరు: మట్టి వాసనకు మట్టి కారణం కాదు. నీలి ఆకుపచ్చ నాచులలో కొన్ని, ఆక్టినోమైసిటీస్ అనే సూక్ష్మజీవులు విడుదల చేసే జియోస్మిన్, 2-మిథైల్ ఐసోబోర్నియాల్ అనే పదార్థాలు ఇందుకు ముఖ్య కారణం. జియోస్మిన్‌ను 1965లో వేరుచేసి ఆ పేరు పెట్టారు. లీటరు నీటిలో సుమారు పది నానోగ్రాములు ఉన్నా మనిషి ముక్కు దానిని పసిగట్టగలదు. ఈ పదార్థాలు ముఖ్యంగా మొప్పల ద్వారా చేప దేహంలోకి త్వరగా ప్రవేశించి కొవ్వులో నిలుస్తాయి. బయటకు పోవడానికి మాత్రం ఎక్కువ కాలం పడుతుంది. కావున అడుగున మేసే మృగాల, బంగారుతీగలకు మాత్రమే మట్టి వాసన ఉంటుందనుకోవడం సరికాదు. పైపొరలలో తిరిగే బొచ్చెకు కూడా అది పట్టవచ్చు.

నిజాంసాగర్ తొలి నిల్వ సామర్థ్యం 29.7 టి.ఎం.సి.; పూడిక వలన అది సుమారు 17.8 టి.ఎం.సి.లకు తగ్గినది. లోతు తగ్గిన నీరు వేసవిలో త్వరగా వేడెక్కుతుంది, పోషకాలు చిక్కబడతాయి, నాచు పెరగడానికి అనుకూలత ఏర్పడుతుంది. వరదతో నీరు మారినపుడు పరిస్థితి వేరు. అందుచేత ఒక ఋతువులో చేసిన రుచి పరీక్ష ఫలితాన్ని ఏడాది పొడవునా వర్తింపజేయరాదు.

2. ఆహారం, సాంద్రత: బొచ్చె ప్రధానంగా జంతుప్లవకాలను తింటుంది. రవ్వ మధ్యపొరలలో మొక్కల సంబంధ ఆహారాన్ని, మృగాల అడుగున కుళ్ళిన సేంద్రియ పదార్థాన్ని గ్రహిస్తాయి. సహజాహారానికి మించి పిల్లలను వదిలితే ట్రౌట్ సరస్సులలో జరిగినదే ఇక్కడా జరుగుతుంది. తెలంగాణలో 2016-17 నుండి ప్రభుత్వం చేపపిల్లలను ఉచితంగా పంపిణీ చేస్తున్నది. వదిలిన పిల్లల సంఖ్యతో పాటు పట్టుబడిన చేపల పొడవు, బరువుల నిష్పత్తిని నమోదు చేయడం అవసరం. పొడవుకు తగిన బరువు లేకపోవడం ఆహార లోపానికి తొలి సూచన.

3. జీవిత దశ: మన కార్పు జాతులు వానాకాలంలో గుడ్లు పెడతాయి. ఆ సమయానికి దేహంలోని పోషకాలలో అధిక భాగం గుడ్ల తయారీకి తరలిపోతుంది. గుడ్లు పెట్టిన చేపను, పూర్తిగా కోలుకున్న చేపను కలిపి రుచి చూస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

4. పట్టిన తరువాత: చేప చనిపోయిన పిమ్మట కండరాలలోని ఏ.టి.పి. విచ్ఛిన్నమై ఇనోసినిక్ ఆమ్లం ఏర్పడుతుంది. కమ్మని రుచికి ఇది ఒక ముఖ్య కారణం. కాలం గడిచేకొద్దీ అది హైపోజాంథిన్‌గా మారి చేదు తోస్తుంది. ఈ మార్పు వేగం ఉష్ణోగ్రతపై ఆధారపడి ఉంటుంది. సాయంత్రం వేసిన వలలో చిక్కి, పెనుగులాడి చనిపోయిన చేప ఉదయం వరకు వెచ్చని నీటిలోనే ఉంటే జలాశయం ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. నీటివలన వచ్చే మట్టి వాసన వేరు, ఆలస్యంవలన ముదిరే నీచు వాసన వేరు. మొదటిది వలవేసేవాని చేతిలో లేదు. రెండవది చాలావరకు అతని చేతిలో ఉన్నది.

రుచి పరీక్షా విధానం

జలాశయపు చేపకు, కుంట చేపకు నిజంగా తేడా ఉన్నదా అని తేల్చడానికి త్రికోణ పరీక్ష అనుకూలమైనది. దాని క్రమం ఇది:

• రెండు చోట్లనుండి ఒకే జాతి, ఒకే బరువు శ్రేణి (ఉదాహరణకు 1 నుండి 1.5 కిలోల రవ్వ) చేపలను ఒకేరోజు సేకరించాలి. ప్రతి చోటునుండి పలు చేపలు తీసుకోవాలి. పట్టిన వెంటనే చేపకు సమాన బరువు ఐసు వేసి, రెండింటినీ ఒకే కాలం నిల్వ ఉంచాలి.

• దేహంలోని ఒకే భాగంనుండి ముక్కలు కోయాలి. పొట్ట భాగంలో కొవ్వు అధికం; వాసన కూడా అక్కడే అధికంగా నిలుస్తుంది. ఒకదాని వీపు ముక్కను మరొకదాని పొట్ట ముక్కతో పోల్చరాదు.

• ఉప్పు, కారం, పసుపు, పులుపు లేకుండా మూతపెట్టిన పాత్రలో ఆవిరిపై ఉడికించాలి. ఆమ్ల గుణం జియోస్మిన్‌ను కొంతమేర వాసన లేని పదార్థంగా మారుస్తుంది. మన ఇండ్లలో చేపకు చింతపండు పులుసు, నిమ్మరసం వాడటంలోని ఔచిత్యం ఇదే. పరీక్షలో మాత్రం అవి తేడాను మరుగుపరుస్తాయి.

• ప్రతి వ్యక్తికి మూడంకెల సంకేతాలతో మూడు ముక్కలు ఇవ్వాలి. వాటిలో రెండు ఒకే చోటివి, ఒకటి వేరు. వేరైనదానిని గుర్తించమని కోరాలి. అమరికకు ఆరు క్రమాలు సాధ్యం. 24 మంది పాల్గొంటే ఒక్కొక్క క్రమం నలుగురికి వస్తుంది.

• ఊహతో సరిగా చెప్పే అవకాశం మూడింట ఒక వంతు. కావున 24 మందిలో 8 మంది సరిగా చెప్పడం యాదృచ్ఛికమే. కనీసం 13 మంది సరిగా గుర్తించినపుడే 5 శాతం ప్రాముఖ్య స్థాయిలో తేడా ఉన్నదని నిర్ధారించవచ్చు.

తేడా ఉన్నదని తేలిన పిదపనే ఏది మెరుగు అన్న ప్రశ్న ఉదయిస్తుంది. దానికి వేరొక వినియోగదారుల బృందంతో తొమ్మిది స్థాయిల ఇష్టతా మాపకాన్ని వాడాలి. ఏ ముక్క ఏ నీటిదో ముందుగా తెలిస్తే నాలుక కన్న నమ్మకమే ముందు తీర్పు చెబుతుంది. మత్స్యకార సంఘ సభ్యులు పరీక్షలో పాల్గొన్నపుడు ఈ జాగ్రత్త మరింత ముఖ్యం.

విస్తరణ సూచనలు

అమెరికా దక్షిణ రాష్ట్రాల క్యాట్‌ఫిష్ పరిశ్రమలో చెరువు పట్టుబడికి ముందే నమూనా చేపను ఉడికించి రుచి చూస్తారు. వాసన ఉంటే ఆ చెరువు పట్టుబడిని వాయిదా వేస్తారు. ఈ పద్ధతికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. కుంటలలో పెంచే రైతులు పట్టుబడికి ముందు దీనిని తేలికగా పాటించవచ్చు. వాసన ఉన్న చేపలను మేత లేకుండా స్వచ్ఛమైన బోరు నీటిలో కొన్ని రోజులు ఉంచి, మరల రుచి చూసి అమ్మవచ్చు. ఈ కాలంలో చేప బరువు కొంత తగ్గుతుందని రైతుకు ముందే చెప్పాలి.

విశాలమైన జలాశయంలో ఇది సాధ్యం కాదు. అక్కడ చేయదగినవి మూడు. నాచు అధికమైన కాలాన్ని, రేవును గుర్తించి ఆ వివరాలను సంఘాలకు తెలియజేయడం మొదటిది. వలలను తరచుగా పరిశీలించి చేపను త్వరగా వెలికితీయడం రెండవది. పడవలోనే ఐసు అందుబాటులో ఉంచడం మూడవది. నాచు నివారణకై జలాశయంలో రసాయనాలు వాడమని సూచించరాదు.

ముగింపు

మంచి ట్రౌట్‌ను వెదికేవారు కొండ పేరు అడిగి ఊరుకోరు. నీటిని, అందులోని ఆహారాన్ని, ఋతువును పరిశీలిస్తారు. నిజాంసాగర్ చేప విషయంలోనూ అదే దృష్టి అవసరం. మహమ్మద్ నగర్ పరిసర మత్స్యకారుడు తన చేపకు ఎక్కువ ధర అడగాలంటే, ఏ నెలలో పట్టిన చేప, ఎంతసేపటిలో ఐసులో చేరిన చేప ఆ ధరకు తగినదో అతనికి స్పష్టంగా తెలియాలి. ఆ సమాచారాన్ని పరీక్షించి అందించగలిగినపుడే జలాశయం పేరు అమ్మకపు మాటగా మిగిలిపోక, నిలకడగల నాణ్యతకు గుర్తు కాగలదు.